సాగు టమాటాలో సన్నగిల్లిన జన్యు వైవిధ్యం – వన్య జాతుల ఆసరా

ఉపోద్ఘాతం

పప్పు, చారు, కూర, పచ్చడి – తెలుగువారి వంటలో టమాటాకు చోటులేని వంటకం అరుదు. అటువంటి నిత్యావసర కూరగాయ ధర 2023 జూలైలో హైదరాబాదు మార్కెట్లలో కిలో 100 రూపాయలు దాటింది. మరుసటి నెల, ఆగస్టు 3న, నగర పశ్చిమ శివారులోని కోకాపేటలో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ నిర్వహించిన వేలంలో ఎకరా భూమి 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. ఈ రెండు సంఘటనలకు నేరుగా సంబంధం లేకపోయినా, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆ ధర పలికే నేలపై ఇక కూరగాయల మడులు వెలుస్తాయని ఆశించలేము. పెరుగుతున్న నగరానికి కావలసిన టమాటా మదనపల్లె, కోలారు వంటి దూర ప్రాంతాల నుండి రావలసిందే. అక్కడి రైతు తీవ్రమైన ఎండలను, అకాల వర్షాలను, ఆకుముడత వైరస్‌ను తట్టుకొని దానిని పండించవలసిందే.

ఈ సమస్యకు ఒక సమాధానాన్ని వెదికే పరిశోధన కోకాపేటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జరుగుతున్నది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర విభాగంలో టమాటా జన్యు వనరుల నిలయం ఉన్నది. అక్కడ ఆచార్య రామేశ్వర్ శర్మ, ఆచార్య యల్లమరాజు శ్రీలక్ష్మిల బృందం టమాటా జన్యువులపై దీర్ఘకాలంగా అధ్యయనం సాగించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలో ప్రపంచ కూరగాయల కేంద్రపు దక్షిణాసియా శాఖ పనిచేస్తున్నది. రాజేంద్రనగర్‌లో జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. ఐటీ భవనాల వరుసకు చుట్టుపక్కల నెలకొన్న ఈ సంస్థల పనికి మూలమైన ప్రశ్న ఒక్కటే: సాగు టమాటాలో లేని గుణాలను ఎక్కడి నుండి తేవాలి? దానికి లభించిన ముఖ్యమైన సమాధానం టమాటా వన్య జాతులు.

టమాటా పుట్టుక, ప్రయాణం

టమాటా వంగ, మిరప, బంగాళాదుంప, నేలములకల కుటుంబానికి చెందినది. 'రామములగ' అనే దాని పాత తెలుగు పేరులోనే ఈ బంధుత్వం కనిపిస్తుంది. సాగు టమాటాను శాస్త్రీయంగా సొలానం లైకోపెర్సికమ్ అంటారు. దీనికి అతి దగ్గరి వన్య జాతులు 12. ఇవన్నీ దక్షిణ అమెరికాలోని పెరూ, ఈక్వడార్, చిలీ దేశాలలో, ఆండీస్ పర్వతాల పడమటి వైపున, గలపాగోస్ దీవులలో సహజంగా పెరుగుతాయి.

వీటిలో సొలానం పింపినెల్లిఫోలియం సాగు టమాటాకు పూర్వీకురాలు. దీని కాయ సుమారు ఒక గ్రాము బరువు మాత్రమే తూగుతుంది. దీని నుండి చెర్రీ పరిమాణపు రూపం ఏర్పడి, ఉత్తరంగా మెక్సికో వరకు వ్యాపించి, అక్కడి ప్రజల చేతిలో పెద్ద కాయల పంటగా మారింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు దానిని ఐరోపాకు చేర్చారు. అక్కడి నుండి పోర్చుగీసువారి ద్వారా భారతదేశానికి వచ్చింది.

ఈ ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ కొద్దిపాటి గింజలే ముందుకు సాగాయి. పెద్ద కాయ, నునుపైన తొక్క, ఎర్రని రంగు చూసి ఎంచుకున్న గింజలతోపాటు వాటిలోని జన్యువులు మాత్రమే మిగిలాయి. తక్కినవి వెనుకనే ఉండిపోయాయి. పైగా సాగు టమాటా పువ్వు తన పుప్పొడితోనే ఫలదీకరణం చెందుతుంది కాబట్టి, బయటి నుండి కొత్త జన్యువులు సహజంగా వచ్చి చేరే అవకాశం తక్కువ. టమాటా జాతులన్నింటిలో ఉన్న జన్యు వైవిధ్యంలో సాగు టమాటాకు దక్కినది 5 శాతం కంటే తక్కువ అని శాస్త్రజ్ఞుల అంచనా. పరపరాగ సంపర్కంపై ఆధారపడే సొలానం పెరూవియానం అనే వన్య జాతికి చెందిన ఒక్క సేకరణలో, స్వపరాగ సంపర్కం జరిపే ఏ టమాటా జాతిలోనైనా అన్ని సేకరణలనూ కలిపితే కనిపించే దానికంటే ఎక్కువ వైవిధ్యం ఉన్నట్లు 1990లో మిల్లర్, టాంక్స్‌లీ చేసిన అధ్యయనం చూపింది.

రూపంలో వైవిధ్యం, జన్యువులలో పేదరికం

మార్కెట్‌లో గుండ్రని, కోల, చదునైన, పసుపు, ఎరుపు కాయలను చూసేవారికి టమాటాలో వైవిధ్యం తగ్గిందంటే నమ్మడం కష్టం. ఈ సందేహాన్ని నివృత్తి చేసే అధ్యయనం గచ్చిబౌలిలోనే జరిగింది. 20 దేశాలకు చెందిన 127 టమాటా సేకరణలను హైదరాబాదు విశ్వవిద్యాలయ బృందం పండించి, కాయల బరువు, ఆకారం, కరిగే ఘన పదార్థాల శాతం, కెరోటినాయిడ్లు, పండే తీరు వంటి గుణాలను నమోదు చేసింది. ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. కాయల గుణాలలో విస్తారమైన తేడాలు కనిపించాయి. వాటి ఆధారంగా సేకరణలను 9 వర్గాలుగా విభజించవలసి వచ్చింది.

అదే సేకరణలలో కాయ పక్వానికి, వర్ణద్రవ్యాల తయారీకి, కాంతి గ్రహణానికి, మొక్క ఎదుగుదలకు సంబంధించిన 10 జన్యువులను 'ఎకోటిల్లింగ్' పద్ధతిలో పరీక్షించారు. రెండు మొక్కల డి.ఎన్.ఎ. పోగులను వేడిచేసి విడదీసి, తిరిగి జతపరచినపుడు, వాటి మధ్య తేడా ఉన్న చోట జత సరిగా కుదరదు. ఆ కుదరని చోటును గుర్తించి కత్తిరించే ఎంజైమును ప్రయోగిస్తే, ఏ మొక్కలో ఎక్కడ తేడా ఉన్నదో తెలిసిపోతుంది. ఇలా వెదికితే 127 సేకరణలలోని 10 జన్యువులన్నింటిలో దొరికిన మార్పులు 54 మాత్రమే. వాటిలో ప్రోటీను నిర్మాణాన్ని మార్చేవి 36, మార్చనివి 18. సగటున వెయ్యి అక్షరాల డి.ఎన్.ఎ.కు 0.038 మార్పు.

అంటే కాయల రూపం ఎంత మారినా, ఎదుగుదలను నడిపే కీలక జన్యువులు దాదాపు ఒకే అచ్చులో పోసినట్లు ఉన్నాయి. రైతు దృష్టితో దీని అర్థం గంభీరమైనది. ఒక కొత్త వైరస్ గాని, ముందెన్నడూ లేని వేడి గాని ఒక రకాన్ని లొంగదీసుకుంటే, పక్క పొలంలోని వేరే పేరు గల రకం కూడా అదే విధంగా లొంగిపోయే అవకాశం ఎక్కువ.

వైవిధ్యం లేనప్పుడు దానిని సృష్టించడం ఒక మార్గం. రసాయనంతో గింజలను శుద్ధిచేసి, జన్యువులలో మార్పులు కలిగించి, వేల మొక్కల నుండి ఉపయోగకరమైన వాటిని ఏరే పనిని ఈ బృందం చేపట్టింది. నీలికాంతి వైపు వంగని 'ఎన్.పి.ఎస్.-1' అనే ఉత్పరివర్తనం ఈ బృందం వెలుగులోకి తెచ్చినదే. ఫోటోట్రోపిన్-1 అనే కాంతిగ్రాహక ప్రోటీనులో వచ్చిన ఈ మార్పు కాయలలో కెరోటినాయిడ్లను పెంచుతుందని 2021లో వెల్లడైంది. అదే సంవత్సరం ఇథిలిన్ తయారీకి తోడ్పడే ఎ.సి.ఎస్.-2 జన్యువులో రెండు ఉత్పరివర్తనాలను వివరించారు. వాటిలో ఒకటి ఇథిలిన్‌ను పెంచుతుంది, మరొకటి తగ్గిస్తుంది. కాయ నిల్వకాలం ఇథిలిన్‌పై ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ పరిశోధనకు మార్కెట్ విలువ కూడా ఉన్నది.

అయితే ఉన్న జన్యువులో ఒక అక్షరాన్ని మార్చడం వేరు, లేని రోగనిరోధక జన్యువును సంపాదించడం వేరు. రెండవ దానికి వన్య జాతులే దిక్కు. అందువల్లనే ఈ బృందం సాగు టమాటాలు, వన్య జాతుల జన్యుక్రమాలను మళ్ళీ విశ్లేషించి, వాటి మధ్య తేడాలను శాస్త్రజ్ఞులందరూ వెదుక్కోగలిగే సమాచార నిధిని 2020లో అందుబాటులోకి తెచ్చింది. దీనికి పునాది 2012లో పూర్తయిన టమాటా జన్యుక్రమ ఆవిష్కరణ. సుమారు 35 వేల జన్యువులను గుర్తించిన ఆ అంతర్జాతీయ కృషిలో 5వ క్రోమోజోమ్ బాధ్యతను భారత శాస్త్రజ్ఞులు వహించారు.

వన్య జాతులు ఇచ్చినవి

వన్య టమాటాల కాయలు చిన్నవి. అనేక జాతులలో పండినా ఆకుపచ్చగానే ఉండి చేదుగా ఉంటాయి. కానీ ఎడారిలో, ఉప్పు గాలిలో, మంచు కొండలపై ఎవరి రక్షణా లేకుండా లక్షల ఏళ్ళు బతికిన అనుభవం వాటి జన్యువులలో ఉన్నది. వాటి నుండి సాగు టమాటాకు అందిన, అందగల గుణాలలో ముఖ్యమైనవి:

• సొలానం పింపినెల్లిఫోలియం: ఫ్యుసేరియం వడలు తెగులును తట్టుకునే 'ఐ' జన్యువు, ఆకుమాడు తెగులును తట్టుకునే 'పి.హెచ్.-3' జన్యువు.

• సొలానం పెరూవియానం: వేరు బుడిపె నులిపురుగులను తట్టుకునే 'ఎమ్.ఐ.' జన్యువు, టమాటా మొజాయిక్ వైరస్‌ను తట్టుకునే 'టి.ఎమ్.-2' జన్యువు.

• సొలానం హాబ్రోకైటిస్: ఆకుముడత వైరస్‌ను తట్టుకునే 'టై-2' జన్యువు. దీని ఆకులపై ఉండే గ్రంథియుత నూగు స్రవించే పదార్థాలు కీటకాలను దరిచేరనీయవు.

• సొలానం చిలెన్స్: 'టై-1', 'టై-3' నిరోధక జన్యువులు. అటకామా ఎడారి అంచులలో పెరిగే ఈ జాతికి నీటి ఎద్దడిని తట్టుకునే శక్తి కూడా ఉన్నది.

• సొలానం పెన్నెల్లీ: కాయలో చక్కెర శాతాన్ని పెంచే జన్యుభాగం. దీనిలోని ఇన్వర్టేజ్ ఎంజైములో ఒకే ఒక అమైనో ఆమ్లపు తేడా ఈ ఫలితానికి కారణమని 2004లో తేలింది.

• గలపాగోస్ దీవుల జాతులు: సముద్రపు ఒడ్డున పెరిగే వీటికి ఉప్పును ఓర్చుకునే గుణం ఉన్నది. కోస్తాలోని చౌడు భూముల దృష్ట్యా ఇది గమనించదగినది.

ఆకుముడత: ఒక వన్య జన్యువు చేసిన మేలు

ఈ జన్యువుల విలువ తెలుగు రైతుకు అత్యంత స్పష్టంగా కనిపించేది ఆకుముడత విషయంలో. తెల్లదోమ ద్వారా వ్యాపించే ఈ వైరస్ సోకిన మొక్క ఆకులు పైకి ముడుచుకొని, పసుపెక్కి, మొక్క గిడసబారుతుంది. నాటిన తొలి వారాలలో సోకితే దిగుబడి దాదాపు ఉండదు. వైరస్‌ను చంపే మందు లేదు. తెల్లదోమపై పదే పదే మందు కొడితే ఖర్చు పెరగడమే కాక, దోమకు ఆ మందును తట్టుకునే శక్తి వస్తుంది.

ఈ సమస్యకు ఒక పరిష్కారం భారతదేశంలోనే లభించింది. హిస్సార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కల్లూ, బెనర్జీ అనే శాస్త్రజ్ఞులు సొలానం హాబ్రోకైటిస్ నుండి నిరోధక శక్తిని సాగు టమాటాలోకి తెచ్చి, 1990లో ఆ కృషిని ప్రచురించారు. అలా రూపొందిన 'హెచ్-24' అనే వరుసలోని జన్యువే తరువాత 'టై-2'గా పేరు పొందింది. ఇది 11వ క్రోమోజోమ్‌పై ఉన్నది. హెచ్-24ను ప్రపంచ కూరగాయల కేంద్రం విస్తృతంగా వినియోగించింది. సొలానం చిలెన్స్ నుండి వచ్చిన 'టై-1' 6వ క్రోమోజోమ్‌పై ఉన్నట్లు 1994లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఈ రెండు జన్యువులు పనిచేసే తీరు ఒకటి కాదు. టై-2 కావలివాడి వంటి ప్రోటీనును తయారుచేస్తుంది. వైరస్ ఉనికిని పసిగట్టగానే అది కణంలోని రక్షణ వ్యవస్థను మేల్కొల్పుతుంది. టై-1 తయారుచేసే ఎంజైము వైరస్ జన్యుపదార్థంపై మొక్క వేసే రసాయనిక తాళాన్ని బలపరచి, వైరస్ వృద్ధిని అణచివేస్తుంది. టై-1 ఉన్న మొక్కలో వైరస్ పూర్తిగా నశించదు, తక్కువ స్థాయిలో ఉండిపోతుంది. దోసకాయ మొజాయిక్ వైరస్ కూడా అదే మొక్కకు సోకితే టై-1 బలం తగ్గుతుందని 2014లో తేలింది.

భారతదేశంలో ఆకుముడతను కలిగించే వైరస్ ఒక్కటి కాదు, అనేక జాతులున్నాయి. టై-2 వాటన్నింటిపైనా సమానంగా పనిచేయదు. అందువల్ల టై-2, టై-3లను ఒకే మొక్కలో చేర్చడం నేటి ప్రజనన కార్యక్రమాల ముఖ్య లక్ష్యం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ సంకరం ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ తెగులు – ఈ మూడింటినీ తట్టుకునేలా తయారైనది.

వన్య జన్యువును తేవడంలోని కష్టాలు

మొదటి కష్టం సంకరణ దశలోనే ఎదురవుతుంది. సొలానం పెరూవియానం పుప్పొడితో సాగు టమాటాను సంకరపరిస్తే కాయ కట్టినా గింజలోని పిండం మధ్యలోనే నశిస్తుంది. 1944లో స్మిత్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు పిండాన్ని ముందుగానే వెలికి తీసి, పోషక మాధ్యమంలో పెంచి మొక్కను సాధించాడు. దశాబ్దాలుగా సాగులో ఉన్న నులిపురుగు నిరోధక టమాటాలు ఆ ఒక్క ప్రయత్నపు సంతతి. అంత శ్రమతో వచ్చిన ఎమ్.ఐ. జన్యువు కూడా నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్ దాటితే సరిగా పనిచేయదు. తెలుగు ప్రాంతాల వేసవి పంటలో దానిని నమ్ముకోలేకపోవడానికి ఇదే కారణం.

రెండవ కష్టం, కోరుకున్న జన్యువుతోపాటు కోరనివి కూడా వెంట రావడం. మొదటి తరం సంకరంలో వన్య జాతి వాటా 50 శాతం. దానిని మళ్ళీ మళ్ళీ సాగు రకంతో సంకరపరుస్తూ పోతే ఆ వాటా ప్రతి తరంలోనూ సగటున సగానికి తగ్గి, ఆరవ తిరుగు సంకరణానికి ఒక శాతం లోపునకు చేరుతుంది. కానీ కోరుకున్న జన్యువుకు ఇరుపక్కలా ఉన్న భాగం అంత తేలికగా వదలదు. 11 తిరుగు సంకరణాల తరువాత కూడా టి.ఎమ్.-2 జన్యువు చుట్టూ ఒక క్రోమోజోమ్ భుజం మొత్తం వన్య జాతిదే మిగిలిన రకం ఉన్నట్లు 1989లో యంగ్, టాంక్స్‌లీ చూపారు. టై-1, టై-2లు ఉన్న చోట వన్య జాతి క్రోమోజోమ్ భాగం సాగు టమాటాతో పోలిస్తే తలకిందులుగా అమరి ఉండడం వల్ల అక్కడ జన్యువుల మార్పిడి మరింత అరుదు. నిరోధక శక్తి ఉన్న కొన్ని రకాలలో కాయ నాణ్యత తగ్గడానికి ఇటువంటి అనవసరపు భాగాలు కారణం కావచ్చు.

ఈ కష్టాన్ని తగ్గించేవి డి.ఎన్.ఎ. గుర్తులు. నారు దశలోనే చిన్న ఆకు ముక్కను పరీక్షించి, కోరిన జన్యువు ఉండి, అనవసరపు భాగం తెగిపోయిన మొక్కను ఎంచుకోవచ్చు. వన్య, సాగు జన్యుక్రమాల తేడాలను పట్టికగా అందించే సమాచార నిధి ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. ఎక్కడ తేడా ఉన్నదో తెలిస్తేనే గుర్తును తయారుచేయగలం.

మూడవ మార్గం జన్యు సవరణ. వన్య జాతి నుండి జన్యువును తేవడానికి బదులు, వన్య జాతినే నేరుగా పంటగా మలచే ప్రయత్నాలు 2018లో ఫలించాయి. బ్రెజిల్, చైనా శాస్త్రజ్ఞుల బృందాలు పింపినెల్లిఫోలియంలో కొద్ది జన్యువులను సవరించి, దాని ఓర్పు గుణాలు పోకుండా మొక్క తీరును, కాయ పరిమాణాన్ని మెరుగుపరచాయి. భారత ప్రభుత్వం 2022 మార్చిలో, బయటి జన్యువు మిగలని సవరణ పంటలకు కొన్ని కఠిన నిబంధనల నుండి మినహాయింపు ఇచ్చింది. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన జన్యు సవరణ వరి రకాన్ని 2025 మేలో ప్రకటించారు. టమాటాకు కూడా ఈ దారి తెరిచి ఉన్నది.

గింజల భద్రత

ఈ పరిశోధనలన్నింటికీ మూలధనం వన్య జాతుల గింజలు. ఛార్లెస్ రిక్ అనే శాస్త్రజ్ఞుడు ఆండీస్ ప్రాంతమంతా పలుమార్లు తిరిగి సేకరించిన గింజలు ఆయన పేరిట కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని నిధిలో ఉన్నాయి. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రంలో మరొక పెద్ద నిధి ఉన్నది. గింజలను శీతల గదిలో ఉంచినంత మాత్రాన పని పూర్తికాదు. మొలకశాతం తగ్గకముందే వాటిని తిరిగి పండించాలి. పరపరాగ సంపర్కపు జాతులకైతే అనేక మొక్కలను పెంచి, చేతితో పుప్పొడి అద్దాలి. తక్కువ మొక్కలతో సరిపెడితే నిధిలో ఉండగానే వైవిధ్యం నశిస్తుంది.

చట్టపరమైన చిక్కు కూడా ఉన్నది. ఆహార పంటల జన్యు వనరులను దేశాలు సులభంగా పంచుకోవడానికి 2001లో ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందపు పంటల జాబితాలో వరి, గోధుమ, వంగ ఉన్నాయి గాని టమాటా లేదు. కాబట్టి కొత్త వన్య సేకరణల కోసం ఆయా దేశాలతో విడిగా ఒప్పందం చేసుకోవలసి ఉంటుంది. భారతదేశంలో వన్య టమాటాలు సహజంగా పెరగవు. ఇక్కడికి చేరిన ప్రతి సేకరణనూ కాపాడుకోవడం అందువల్ల మరింత అవసరం.

రైతులకు సూచనలు

వన్య జన్యువు ఉన్న సంకర విత్తనం వేసినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ఒకే జన్యువుపై ఆధారపడి విస్తారంగా సాగుచేస్తే, దానిని దాటగల వైరస్ రూపాలకు అనుకూలత ఏర్పడుతుంది. ఈ క్రింది జాగ్రత్తలు ఆ జన్యువు ఆయుష్షును పెంచుతాయి.

• ఆకుముడతను తట్టుకునే సంకరాన్ని ఎంచుకునేటప్పుడు, అది తమ జిల్లాలో, అదే కాలంలో పరీక్షింపబడినదో లేదో కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రజ్ఞులను అడిగి తెలుసుకోవాలి.

• నారును 40–50 మెష్ నైలాన్ వల కింద పెంచాలి. తెగులు సోకిన ముదురు తోట పక్కన కొత్త తోట నాటరాదు.

• పొలం చుట్టూ రెండు, మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని వేయాలి. పసుపు రంగు జిగురు అట్టలతో తెల్లదోమ ఉధృతిని గమనించాలి.

• తొలి దశలో వైరస్ లక్షణాలు కనిపించిన మొక్కలను పీకి నాశనం చేయాలి. నిరోధక రకంలోనైనా ఈ నియమాన్ని విడువరాదు.

• నులిపురుగుల సమస్య ఉన్న నేలల్లో వేసవిలో నిరోధక జన్యువుపైనే ఆధారపడక, పంట మార్పిడి పాటించి, బంతిని ఎర పంటగా వేయాలి.

ముగింపు

సాగు టమాటా తన ప్రయాణంలో పోగొట్టుకున్న జన్యువులు ఇంకా పూర్తిగా నశించలేదు. ఆండీస్ కొండలలో, కొన్ని విత్తన నిధులలో అవి మిగిలి ఉన్నాయి. హిస్సార్‌లో వేరుపరచిన ఒక్క టై-2 జన్యువు రైతులకు ఎంత మేలు చేసిందో గమనిస్తే, తక్కిన వాటి విలువను ఊహించవచ్చు. కానీ వన్య జాతిలో గుణాన్ని గుర్తించిన నాటి నుండి విత్తన సంచిగా రైతు చేతికి చేరేవరకు సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు దశాబ్దాలు పడుతుంది. ధర పెరిగిన ఏడాది మొదలుపెట్టిన పరిశోధన ఆ ఏడాది రైతును ఆదుకోలేదు. కోకాపేట వంటి శివార్లలో సాగుభూమి తరుగుతున్న కొద్దీ మిగిలిన పొలాలపై భారం పెరుగుతుంది. కాబట్టి వన్య జాతుల సేకరణ, సంరక్షణ, ప్రజననాలను ధరల ఒడిదుడుకులతో నిమిత్తం లేకుండా నిరంతరం కొనసాగించడం విశ్వవిద్యాలయాల, పరిశోధన సంస్థల బాధ్యత.